గేటు పాసు

ఉదయం ఆరున్నర. కూర్మన్నపాలెం కూడలి. సైకిళ్లు, మోటారు సైకిళ్లు, ఆటోలు, బస్సులు... అన్నీ ఒకటే దిక్కు. హ్యాండిల్‌కి వేలాడే క్యారియర్‌లో మధ్యాహ్నానికి అన్నం. నెత్తిన హెల్మెట్. మెడలో తాడుకు ఓ చిన్న కార్డు. స్టీల్‌ప్లాంటు గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ జవాను ఆ కార్డు చూస్తాడు. మొహం చూస్తాడు. తలూపుతాడు. మనిషి లోపలికి వెళ్లిపోతాడు.

చూడ్డానికి అదెంత పని! కానీ ఆ తలూపడం మీదే ఒక ఇంట్లో నెలంతా పొయ్యి వెలుగుతుంది.

విశాఖపట్నాన్ని బయటివాళ్లు సముద్రం ఊరంటారు. అక్కడ పనిచేసుకు బతికేవాళ్లకు మాత్రం అది గేట్ల ఊరు. 1933లో మొదలైన పోర్టుకు గేట్లు. 1941లో పునాది పడ్డ షిప్‌యార్డుకు గేట్లు. 1957లో కాల్టెక్స్ కంపెనీగా మొదలై ఇప్పుడు హెచ్‌పీసీఎల్ చేతుల్లో ఉన్న చమురు శుద్ధి కర్మాగారానికి గేట్లు. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారానికి గేట్లు. నేవల్ డాక్‌యార్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. పర్మనెంటు ఉద్యోగి అయినా, కాంట్రాక్టు కింద వెళ్లే హెల్పరయినా... వెల్డరు, ఫిట్టరు, రిగ్గరు, గ్యాస్ కటింగ్ కుర్రాడు... ఎవరైనా సరే గేటు దాటాలంటే పాసు కావాలి. చాలాచోట్ల ఆ పాసుకు ఫొటో, ఆధార్‌తోపాటు ఇంకో కాగితం కూడా కావాలి. పోలీసు వెరిఫికేషన్!

'ఫలానా వాడి మీద మా స్టేషన్లో కేసులేమీ లేవు' అని చెప్పే ఆ ఒక్క కాగితం... ఈ ఊళ్లో పద్దెనిమిది నుంచి పాతికేళ్ల కుర్రాడికి డిగ్రీ పట్టా కన్నా విలువైంది. అది పోయిందంటే ఒక్క ఉద్యోగం కాదు, ఊళ్లో ఉన్న గేట్లన్నీ ఒకేసారి మూసుకుపోతాయి.

అలా మూసుకుపోవడానికి ఎక్కువ కాలం పట్టదు. ఒక్క రాత్రి చాలు. ఒక్క సంచి చాలు.

ఒక్క రాత్రి పని

ఇక్కడ చెప్పుకునే కుర్రాడు ఫలానా ఊరివాడని కాదు. పత్రికల లోపలి పేజీల్లో, కోర్టు తీర్పుల్లో పదేపదే కనిపించే ఇద్దరు ముగ్గురి కలబోత. అతనికి పందొమ్మిదేళ్లు అనుకుందాం. పదో తరగతి తప్పాడు. తండ్రి తాగుడుకో జబ్బుకో పోయాడు. తల్లి నాలుగిళ్లలో పాచిపని చేస్తుంది. మేస్త్రీ పిలిచినప్పుడు కూలికి వెళ్తాడు. పిలవనప్పుడు కూడలిలో నిలబడతాడు. ఓ సాయంత్రం తెలిసినవాడే వచ్చి భుజం మీద చెయ్యేస్తాడు.

''ఒరే, ఓ బ్యాగుంది. రైలెక్కించి ఫలానా స్టేషన్లో దింపెయ్యడమే. అంతే పని. వెళ్లొచ్చిన రోజే డబ్బులు.''

కొన్ని వేలు. అతను నెలంతా ఇసుక మోస్తే వచ్చేంత.

సంచిలో ఏముందో అడగడు. అడక్కపోయినా తెలుసు. మన్యం నుంచి దిగే గంజాయికి విశాఖ ఒక మజిలీ అన్న సంగతి ఈ జిల్లాల్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. పాడేరు, చింతపల్లి, జి.కె.వీధి వైపు లోతట్టు కొండల్లో, సరిహద్దు అవతల ఒడిశా గూడేల్లో పెరిగిన మొక్క ఘాట్ రోడ్ల మీదుగా దిగి, ఇక్కణ్నుంచి దేశంలోని మహానగరాలకు వెళ్తుంది. సరకు సొంతదారు దానితోపాటు ప్రయాణం చేయడు. అతనెక్కడో ఫోన్లో ఉంటాడు. ముందు పైలట్‌గా బండి మీద వెళ్లేది ఒక కుర్రాడు. సంచి మోసేది ఇంకో కుర్రాడు. దొరికేది వాళ్లిద్దరే.

ఇదే కథ కొండమీద మరోలా మొదలవుతుంది. అక్కడి గిరిజన కుర్రాడికి రైలెక్కమని చెప్పరు. పొలం అడుగుతారు. విత్తనం ఇస్తారు, ముందస్తుగా డబ్బు ఇస్తారు, కోతకొచ్చాక వాళ్లే వచ్చి పట్టుకెళతారు. సంతకు మోసుకెళ్లే బాధ లేదు, ధర పలకదన్న బెంగ లేదు. లేదంటే తలమీద మూట పెట్టి అడవి దారిన రోడ్డుదాకా దింపమంటారు. దారులు పుట్టిపెరిగినవాడికే కదా తెలిసేది!

కొండమీద కుర్రాడు, కూడలిలో కుర్రాడు... ఇద్దరికీ తేడా లేదు. ఇద్దరి దగ్గరా లేనిది ఒకటే, ఆగగలిగే ఓపిక. ఆ ఓపిక లేకపోవడానికి కారణం వాళ్ల స్వభావం కాదు, ఇంట్లో రేపటికి బియ్యం లేకపోవడం.

ఇరవై కిలోల గీత

మాదకద్రవ్యాల నిరోధానికి మన దేశంలో ఉన్న చట్టం ఎన్‌డీపీఎస్. 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. సరిగ్గా బాలల దినోత్సవం రోజున! ఆ చట్టం కింద 2001లో కేంద్రం గీసిన గీతలున్నాయి. గంజాయి కిలో లోపయితే 'స్వల్ప పరిమాణం'. ఏడాది వరకూ జైలు లేదా పదివేల వరకూ జరిమానా లేదా రెండూ. కిలో నుంచి ఇరవై కిలోల దాకా అయితే పదేళ్ల వరకూ జైలు, లక్ష వరకూ జరిమానా. ఇరవై కిలోలు దాటితే 'వాణిజ్య పరిమాణం'. తక్కువలో తక్కువ పదేళ్లు. ఇరవై ఏళ్ల దాకా పడొచ్చు. జరిమానా లక్షకు తగ్గదు. కుర్రవాడు, మొదటి తప్పు అని జాలిపడినా, ఆ పదేళ్ల కన్నా తగ్గించే వీలు జడ్జికి లేదు.

ఇంతకీ కుర్రాడికి ఈ గీత తెలుసా? అతనికి సంచి బరువే తెలుసు. భుజం లాగుతోందా లేదా అన్నదే తెలుసు. ఆ బరువుకు ఏళ్లలో లెక్క ఉందని పట్టుబడేదాకా తెలియదు. 'ఏముందో నాకు తెలీదు సార్' అంటే సరిపోదు. సరకు దగ్గర దొరికితే, తెలిసే మోశాడని చట్టం ముందుగానే అనుకుంటుంది. తెలియదన్న సంగతిని రుజువు చేసుకోవాల్సింది అతనే.

బెయిలు మరీ కష్టం. వాణిజ్య పరిమాణం కేసుల్లో, నిందితుడు నేరం చేయలేదనడానికి సహేతుకమైన ఆధారాలున్నాయనీ, బయటికెళితే మళ్లీ నేరం చేయడనీ నమ్మకం కుదిరితేనే కోర్టు బెయిలివ్వాలి. మామూలు కేసుల్లో 60 రోజులకో 90 రోజులకో ఛార్జిషీటు వేయాలి. ఇక్కడ 180 రోజుల దాకా గడువుంది. అవసరమైతే ఏడాది వరకూ పొడిగించుకోవచ్చు. మోసింది అప్పు చేసి కొన్న ఆటోలో అయితే ఆ ఆటో కూడా జప్తే. కిస్తీలు మాత్రం ఆగవు.

చట్టం కఠినంగా ఉండకూడదని ఎవరూ అనరు. గంజాయి చేరిన ఇంట్లో తల్లిదండ్రులు పడే నరకం తెలిసినవాళ్లు అసలే అనరు. చిక్కు ఎక్కడంటే... ఆ త్రాసు సంచిని తూస్తుంది. మోసినవాడిని తూయదు. వెనకున్నవాడు అసలు త్రాసు దగ్గరికే రాడు.

2023 మార్చిలో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే ఒక మాట పట్టించుకుంది. ఢిల్లీలో గంజాయి కేసులో అరెస్టయ్యేనాటికి ఆ యువకుడికి 23 ఏళ్లు. ఏడేళ్లు దాటినా విచారణ పూర్తికాలేదు. విచారణ ఇంత సాగితే, చట్టంలోని కఠిన షరతులు బెయిలుకు అడ్డు కాకూడదంటూ కోర్టు అతనికి బెయిలు ఇచ్చింది. జైల్లో మగ్గే పేద నిందితుల కొలువులు పోతాయని, కుటుంబాలు చెదిరిపోతాయని కూడా ఆ తీర్పు గుర్తుచేసింది. కొలువు పోవడం, కుటుంబం చెదరడం... శిక్ష పడకముందే పడే శిక్షలివి!

విశాఖ శివారు అడవివరంలోని కేంద్ర కారాగారంలో గంజాయి కేసుల ఖైదీలు పెద్ద సంఖ్యలో ఉంటారు. ములాఖత్ రోజున బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లలో కొండ దిగి వచ్చిన ముసలి తల్లులుంటారు. వాళ్లలో కొందరికి తెలుగు కూడా సరిగా రాదు. కువిలోనో ఒడియాలోనో మాట్లాడతారు. కొడుకు మీద పెట్టిన సెక్షను ఏమిటో వాళ్లకు చదివి చెప్పేవాళ్లుండరు.

పద్దెనిమిదో పుట్టినరోజు

ఇదే చట్టవ్యవస్థలో ఇంకో తలుపుంది. అది చాలామందికి తెలియదు.

సంచి మోసినవాడికి పద్దెనిమిది నిండకపోతే అతణ్ని జైలుకు పంపకూడదు. జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం బోర్డు అతని ఇంటి పరిస్థితులు తెలుసుకోవాలి. మందలించి పంపొచ్చు, కౌన్సెలింగ్‌కు పంపొచ్చు, సమాజసేవ చేయమనొచ్చు, ప్రత్యేక గృహంలో పెట్టినా మూడేళ్లకు మించదు. పదహారు దాటి, కనీస శిక్ష ఏడేళ్లకు తగ్గని నేరమైతే మాత్రం... అంటే సంచి ఇరవై కిలోలు దాటితే... పెద్దవాడిగా విచారించాలా వద్దా అన్నది బోర్డు పరీక్షించి తేలుస్తుంది.

అన్నింటికన్నా ముఖ్యమైనది ఆ చట్టంలోని 74వ సెక్షను. పిల్లవాడి కేసు ముగిసిపోయాక, నడవడిక ధ్రువపత్రం కోసమని పోలీసులు ఆ రికార్డును బయటపెట్టకూడదు. అంటే... గేటు పాసు కాగితంలో ఆ పాత మచ్చ కనిపించకూడదన్నమాట! శిక్ష పడినా దాని కారణంగా అనర్హత అంటగట్టకూడదని 24వ సెక్షను చెబుతుంది. కొత్తగా బతుకు మొదలుపెట్టే హక్కు పిల్లలకుందని చట్టం మొదట్లోనే రాసుకుంది. పెద్దవాడిగా విచారణ జరిగినవారికి మాత్రం రికార్డు విషయంలో ఈ వెసులుబాటు పూర్తిగా ఉండదు.

అంతేకాదు, పిల్లల చేత మత్తుపదార్థాలు మోయించినవాడికి ఏడేళ్ల వరకూ కఠిన కారాగారం, లక్ష వరకూ జరిమానా విధించొచ్చని 78వ సెక్షను చెబుతోంది. సంచి మోసినవాడి దగ్గర ఆగిపోకుండా మోయించినవాడి దాకా వెళ్లమని చెప్పే సెక్షను ఇది.

మరి పద్దెనిమిదేళ్ల ఒక్క రోజు వయసున్నవాడి సంగతి? మంచి నడవడిక షరతుతో విడిచిపెట్టే ప్రొబేషన్ అవకాశం కూడా సంచి మోసిన కేసులో అతనికి లేదు. ఎన్‌డీపీఎస్ చట్టంలోని 33వ సెక్షను పద్దెనిమిది లోపు వారికీ, మత్తు వాడుకున్నారన్న కేసుల్లాంటి కొద్దిపాటి నేరాలకే దాన్ని పరిమితం చేసింది. నిన్న రాత్రిదాకా 'పిల్లవాడు'. తెల్లారేసరికి 'ముద్దాయి'. మధ్యలో మారింది క్యాలెండరు కాగితం ఒక్కటే. ఏజెన్సీ గూడేల్లో పుట్టినతేదీ కాగితమే సరిగా లేనివాళ్లున్నారు. అలాంటివాడి వయసు తేలడమే ఒక పోరాటం.

అందుకే ఇలాంటి కుర్రాళ్లకు మొదట కావాల్సింది ఉపన్యాసం కాదు, వకీలు. కస్టడీలో ఉన్నవారికి, ఎస్సీ, ఎస్టీలకు, పిల్లలకు ఉచిత న్యాయసాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. అందుకు ఫీజు కట్టక్కర్లేదు. 15100 నంబరుకు ఫోన్ చేస్తే చాలు. ఆ సంగతి ములాఖత్ బెంచీ మీద కూర్చున్న తల్లికి తెలిసేదెలా? ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్పాలి.

అప్పు, అలవాటు

సంచి మోసేవాళ్లంతా గంజాయి తాగరు. తాగేవాళ్లంతా సంచి మోయరు. కానీ ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి దగ్గర. సరదాగా మొదలైనది అలవాటవుతుంది. డబ్బు చాలక అప్పవుతుంది. అప్పిచ్చినవాడే ఓ రోజు 'ఈ బ్యాగు దింపేసి రా, చెల్లు' అంటాడు.

కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ నిపుణులు చేసి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం దేశంలో గంజాయి, భంగు వంటివి వాడేవాళ్లు సుమారు 3.1 కోట్లమంది. వాళ్లలో ఆ అలవాటుతో ఇబ్బందుల్లో పడి సాయం అవసరమైనవాళ్లు దాదాపు 72 లక్షలు. మిగతావారికన్నా ఈ 72 లక్షలమందికి కావాల్సింది వేరు. వాళ్లకు కావాల్సింది వైద్యుడు.

చట్టానికీ ఆ సంగతి తెలుసు. మత్తుకు బానిసైనవాడు స్వల్ప పరిమాణంతోనో, వాడుతూనో దొరికితే, తనంతట తానే గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు ముందుకొచ్చి పూర్తిచేస్తే అతనిపై కేసు నడపకుండా 64ఎ సెక్షను కాపాడుతుంది. శిక్షకు బదులు చికిత్సకు పంపే అధికారం 39వ సెక్షను కోర్టుకిచ్చింది. విశాఖలో చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. 14446 అని జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. కానీ 'పిచ్చాసుపత్రి' అన్న పేరుకు భయపడి ఎందరు తల్లిదండ్రులు ఆ గుమ్మం తొక్కుతున్నారు? పరువు పోతుందని దాచిపెడతారు. దాచిపెట్టిన రోజులన్నీ అవతలివాడికి లాభం.

''మా గుంటడు అలాంటోడు కాదు బాబూ...'' ఉత్తరాంధ్రలో ఏ వీధిలో అడిగినా తల్లి నోటి వెంట వచ్చే మొదటి మాట ఇదే. నిజమే అయ్యుండొచ్చు. అలాంటోడు కాకముందే సాయం అందితే ఎంత బాగుండు!

కాపుకొచ్చేదాకా...

మన్యంలో గంజాయిని నరికిపారేసిన సందర్భం పెద్దదే. 2021 చివర్లో 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో పోలీసులు మొదలుపెట్టిన కార్యక్రమంలో 7,500 ఎకరాలకు పైగా తోటలు ధ్వంసం చేసినట్టు ప్రకటించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోలకు పైగా పట్టుబడిన సరకును ఒకేచోట పోగుచేసి తగలబెట్టారు. రాష్ట్ర ప్రభుత్వం 2024లో 'ఈగల్' అనే ప్రత్యేక విభాగం పెట్టింది. 1972 నంబరుకు ఎవరైనా సమాచారం ఇవ్వొచ్చు.

మొక్క పీకడం ఒక రోజు పని. పీకిన చోట మరొకటి నిలబెట్టడం ఏళ్ల పని. అక్కడ రైతులకు చూపించిన దారుల్లో పేరున్నది కాఫీ. పాడేరు, అరకు కాఫీకి ఇప్పుడు ప్రపంచంలో పేరుంది. 2017లో అరకు పేరుతో ప్యారిస్‌లో కాఫీ దుకాణమే తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కాఫీ గింజలు కొంటోంది. అంతా బాగానే ఉంది.

కానీ కాఫీ మొక్క నాటినవాడికి మొదటి కాపు చేతికి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అదీ నేరుగా ఎండలో బతకదు. ముందు సిల్వర్ ఓక్ నాటాలి. దాని నీడ పరుచుకోవాలి. ఆ నీడలో కాఫీ. ఆ చెట్టుకే మిరియాల తీగ. గంజాయి అయితే ఆరునెలల్లో డబ్బు. మరి ఆ మూడు నాలుగేళ్లూ ఏం తినాలి?

సాయమంటే అసలు అర్థం ఇక్కడే ఉంది. మొక్కలు పంచిపెట్టి ఫొటో దిగడం సాయంలో సగమే. కాపుకొచ్చేదాకా నిలబెట్టడం మిగతా సగం. మధ్యలో రాజ్‌మా, రాగులు, పసుపు వంటి పంటలు, ఉపాధి హామీ పనులు, సరైన ధరకు కొనేవాళ్లు, సంతదాకా రోడ్డు... ఇవన్నీ ఉన్నచోట కుర్రాడు ఆగగలడు. లేనిచోట విత్తనం పట్టుకుని వచ్చినవాడే దేవుడిలా కనిపిస్తాడు.

ఊళ్లో కాఫీ మొక్క

పట్నంలో కుర్రాడికి కాఫీ మొక్కలాంటిది ఐటీఐ. కంచరపాలెంలో ప్రభుత్వ ఐటీఐ ఉంది. వెల్డరు ట్రేడుకు ఎనిమిదో తరగతి పాసయితే చాలు, ఏడాది కోర్సు. ఫిట్టరుకు పది పాసవ్వాలి, రెండేళ్లు. పది తప్పినవాడికి ఓపెన్ స్కూల్ ఉంది. చదువయ్యాక 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండుతో పరిశ్రమల్లో శిక్షణ ఉంటుంది. ఓడలు కట్టే ఊరు, ఉక్కు పోసే ఊరు... చేతిలో పనితనం ఉన్నవాడికి ఇక్కడ విలువ ఉంది.

కానీ ఇక్కడా అదే ప్రశ్న. ఆ ఏడాది, రెండేళ్లు ఇల్లు గడిచేదెలా? బస్సు ఛార్జీ ఎవరిస్తారు? మేస్త్రీ పిలిచిన రోజు క్లాసు మానేస్తాడు. నాలుగుసార్లు మానేస్తే హాజరు పోతుంది. హాజరు పోతే పరీక్ష పోతుంది. మళ్లీ కూడలే. ఆ కూడలిలో భుజం మీద చెయ్యేసేవాడు సిద్ధంగా ఉంటాడు.

పైగా గేటు లోపల కూడా రోజులు బాగాలేవు. 2025లో స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు కార్మికుల తొలగింపుల మీద ఆందోళనలు, సమ్మె జరిగాయి. ఏళ్లతరబడి పాసు మెళ్లో వేసుకున్నవాళ్లే బయట నిలబడితే, కొత్తగా నేర్చుకునేవాడికి ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది? కాబట్టి కుర్రాళ్లను బాగుచేయాలనుకునేవాళ్లు ఒక్క స్టీల్‌ప్లాంటునే చూపిస్తే చాలదు. పడవ ఇంజను బాగుచేసే షెడ్డు, ఆటోనగర్‌లో లేతు మిషను, ఏసీ మెకానిక్ పని, వంటపని... గేటు లేని పనులూ చూపించాలి.

ఖాళీ సాయంత్రాల సంగతి కూడా చిన్నది కాదు. ఐస్‌లాండ్ అనే చిన్న దేశం దీనికి మంచి ఉదాహరణ. 1998లో అక్కడి పదిహేను, పదహారేళ్ల పిల్లల్లో నూటికి 42 మంది అంతకుముందు నెలలో తప్పతాగినవాళ్లే. 2016 నాటికి అది అయిదుకు తగ్గింది. గంజాయి రుచి చూసినవాళ్లు 17 నుంచి 7 శాతానికి దిగారు. ఏం మంత్రం వేశారు? ఏటా పిల్లలనే అడిగి తెలుసుకున్నారు. బడి అయ్యాక ఆటలకు, పాటలకు సొమ్ము ఇచ్చారు. డబ్బులేని ఇంటి పిల్లలకూ అందేలా చూశారు. తల్లిదండ్రులంతా ఒక మాట మీద నిలబడి, రాత్రిళ్లు పిల్లలు వీధుల్లో తిరక్కుండా చూసుకున్నారు. భయపెట్టే పోస్టర్ల కన్నా ఫుట్‌బాల్ కోచ్ బాగా పనిచేశాడు.

ఐస్‌లాండ్ డబ్బున్న దేశం, మనకెలా కుదురుతుందనొచ్చు. కానీ విశాఖ వీధుల్లో ఫుట్‌బాల్, కబడ్డీ, బాక్సింగ్ నేర్పే పెద్దవాళ్లకు కొదవ లేదు. ఆ మైదానంలో ఒక లైటు, రెండు బంతులు, వారానికి మూడు రోజులు వచ్చే ఒక మనిషి... దీనికెంత ఖర్చవుతుంది?

తిరిగొచ్చినవాడికి...

అన్నింటికన్నా కష్టమైన ప్రశ్న చివరిది. జైలు నుంచి వచ్చినవాడి సంగతేమిటి?

ఒకోసారి కోర్టు నిర్దోషి అని వదిలేస్తుంది. అప్పటికే మూడేళ్లో నాలుగేళ్లో గడిచిపోతాయి. కాగితం మీద అతను నిర్దోషి. వీధిలో మాత్రం 'గంజాయి కేసు'. అద్దె ఇల్లు దొరకదు. చెల్లెలి సంబంధం తప్పిపోతుంది. మేస్త్రీ 'మళ్లీ చెబుతాలే' అంటాడు. అప్పుడు అతనితో ఎప్పట్లాగే మాట్లాడేవాళ్లు ఎవరు? జైల్లో పరిచయమైనవాళ్లు. 'మా దగ్గర పనుంది రా' అని పిలిచేది కూడా వాళ్లే. వెలి అంటే ఏ ఊరి పెద్దలో కూర్చుని వేసేది మాత్రమే కాదు. అందరూ కాస్త కాస్త పక్కకు జరిగినా వెలే!

ఇక్కడ చేయగలిగినవి పెద్దవేమీ కావు. గేటు లేని పనుల్లో యజమాని తానే నిర్ణయం తీసుకోవచ్చు. షెడ్డులో ఒక కుర్రాణ్ని పెట్టుకుని ఆర్నెల్లు చూడొచ్చు. గేటున్న చోట కూడా, కేసు ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో ఆపకుండా, అది పెండింగా, కొట్టేశారా, పిల్లవాడిగా ఉన్నప్పటిదా అని చూడొచ్చు. పిల్లవాడిగా ఉన్నప్పటిదైతే, కేసు ముగిశాక అసలు అడగకూడదనే కదా చట్టం చెబుతోంది! బడిలో టీచరు, వరసగా నాలుగు రోజులు రాని కుర్రాడి ఇంటికి ఒక్కసారి వెళ్లి రావొచ్చు. ప్రమాదంలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది. అవతలి నుంచి ఎత్తేవాళ్లున్నారు. ఇవతలి నుంచి చేసేవాళ్లే కావాలి.

కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే రైలుమార్గాన్ని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు దించడానికి 1960లలో వేశారు. కొండల్ని తొలిచి పదుల కొద్దీ సొరంగాలు తవ్వారు. రాయి కోసం అంత దారి వేసిన ఊరిది. ఆ దారిలోనే ఇప్పుడు కొండ కుర్రాళ్లు పని వెతుక్కుంటూ పట్నానికి దిగుతున్నారు. వాళ్లలో ఏ ఒక్కడి చేతిలో సంచి ఉందోనని ప్లాట్‌ఫామ్ మీద అందరూ అనుమానంగా చూస్తారు. అందరి సంచుల్లోనూ ఉండేది చాలావరకూ రెండు జతల బట్టలు, సర్టిఫికెట్ల కవరు.

రేపు ఉదయం ఆరున్నరకు కూర్మన్నపాలెంలో మళ్లీ అదే హడావుడి. క్యారియర్లు, హెల్మెట్లు, మెళ్లో కార్డులు. కూడలి పక్కన టీకొట్టు దగ్గర నలుగురు కుర్రాళ్లు నిలబడి ఆ గుంపు వైపు చూస్తుంటారు. మేస్త్రీ వస్తాడేమోనని. ఎనిమిదింటి దాకా ఎదురుచూస్తారు. ఒకోసారి తొమ్మిదింటి దాకా. ఆ తర్వాత వాళ్ల దగ్గరికి ముందుగా ఎవరు వెళతారన్నదే... మిగతా కథంతా.